రానివాళ్ల మాట మినిట్స్‌లో ఉండదు

మా పక్కింట్లో అద్దెకుంటున్న, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. మంచి పిల్లలు. పొద్దున్నే దీపం పెట్టుకుంటారు, పెద్దవాళ్లు కనిపిస్తే లేచి నిలబడతారు, ఒకరి జోలికి పోరు. మాటల్లో ఏదో ఒకటి వచ్చినప్పుడు, "మాకీ రాజకీయాలు పడవు ఆంటీ, మా పనేదో మేం చేసుకుంటాం" అంటారు. నాకు నవ్వొస్తుంది. ఇరవై ఆరేళ్లు నేనూ అదే మాట అన్నాను. వాళ్లకంటే గర్వంగా అన్నాను. ఆ గర్వం నాకు ఎలా వదిలిందో వాళ్లకు చాలాసార్లు చెప్పాను. మీకూ చెబుతాను.

నేను యూనివర్సిటీ ప్రెస్‌లో ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. ఆన్సర్ బుక్కులు, దరఖాస్తులు, శాఖల పత్రికలు, స్నాతకోత్సవం ఆహ్వానాలు, క్యాంపస్‌లో కాగితం మీద ఎక్కేది ఏదైనా ముందు నా బల్ల మీదికి వచ్చేది. మాది నంద్యాల వైపు. నాన్న తెలుగు పండితుడు. నాకు ఉద్యోగం వచ్చి హైదరాబాదు బయల్దేరేటప్పుడు ఆయన చెప్పిన బుద్ధులు రెండే. అక్షరం తప్పు పోనివ్వొద్దు అనేది ఒకటి. "ఓటు వేసి నేరుగా ఇంటికి రా, దారిలో ఎక్కడా నిలబడొద్దు" అనేది రెండోది. రెండూ తు.చ. తప్పకుండా పాటించాను.

నేను పాతకాలపు మనిషిని. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు. ఒక పద్ధతి నలభై ఏళ్లు నిలిచిందంటే దానికో కారణం ఉంటుంది, ఆ కారణమేమిటో తెలుసుకోకుండా దాన్ని తీసెయ్యకూడదు. ఇప్పటికీ నా నమ్మకం ఇదే. అయితే ఆ నమ్మకాన్ని నేను క్యాంటీన్‌లో టీ తాగుతూ మాత్రమే వెలిబుచ్చేదాన్ని. ఉద్యోగుల సంఘం మీటింగు ఉందంటే, ఆ సాయంత్రం తార్నాకలో కూరగాయలు కొనే పని తప్పకుండా పడేది.

మా ప్రెస్‌లో ఒక పద్ధతి ఉండేది. దసరా సెలవులకు ముందు చివరి పనిరోజున మెషీన్లన్నీ ఆపేవాళ్లు. పొద్దున్నుంచి రోలర్లు విప్పి, కడిగి, నూనె వేసి, తుడిచేవాళ్లు. మధ్యాహ్నం పసుపు కుంకాలు పెట్టి, బంతిపూల దండలు వేసి, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొట్టేవాళ్లు. పులిహోర నా వంతు. రిటైరైన వాళ్లంతా ఆరోజు వచ్చేవాళ్లు. మా ఫోర్‌మన్ మౌలాలి నుంచి స్కూటరు మీద పూలు తెచ్చేవాడు. బైండింగ్ సెక్షన్ పెద్దాయన, ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, తన పెద్ద కటింగ్ మెషీన్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే తుడిచి, "నా దుల్హన్‌కు దండ మంచిగ వెయ్యిన్రి" అని పెళ్లికొడుకులా పక్కన నిలబడేవాడు.

ఒక సంవత్సరం దసరాకు నెల ముందు మా నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఉద్యోగుల సంఘం తీర్మానం మేరకు ఇకమీదట ఏ సెక్షన్‌లోనూ పని వేళల్లో పూజలు, వేడుకలు జరపరాదు, మెషీన్లు ఆపరాదు అని అందులో ఉంది.

ప్రెస్ అంతా ఉడికిపోయింది. అందరికంటే ఎక్కువ నేను ఉడికాను. ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. ఆ నోటీసులో మూడు అచ్చుతప్పులు ఉన్నాయి. ఎర్ర పెన్నుతో మూడింటినీ దిద్ది, అందరినీ పిలిచి చూపించాను. అందరూ "శభాష్ మేడం" అన్నారు. నా తిరుగుబాటు అక్కడితో పూర్తయింది.

ఊరుకోలేక బైండింగ్ పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు తీసుకువెళ్లాడు. సంఘం సెక్రటరీ పరీక్షల విభాగంలో పనిచేసే మనిషి. ఎర్రజెండా భావాలు, గట్టి గొంతు, నలిగిన లాల్చీ. ఆయన్ను నేను దూరం నుంచే నమస్కరించి తప్పుకునేదాన్ని.

"ఇది అన్యాయం సార్. నలభై ఏళ్ల పద్ధతిని ఎవర్నీ అడక్కుండా తీసేస్తారా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. బీరువాలోంచి మీటింగు మినిట్స్ రాసే జనరల్ బాడీ రిజిస్టరు తీసి మా ముందు పెట్టాడు.

"ఎవల్నీ అడగలేదంటరా మేడం? నోటీసు ఇచ్చినం, మీటింగు పెట్టినం, తీర్మానం చదివినం. మీ ప్రెస్సుల నుంచి ఎంతమంది వచ్చిన్రో మీరే చూడున్రి."

రెండు సంతకాలున్నాయి. ఒకటి ఫోర్‌మన్‌ది. తీర్మానం చదివే సమయానికి తను బయట ఫోన్ మాట్లాడుతున్నానని అతనే తర్వాత ఒప్పుకున్నాడు.

"నేను అనేది కూడా వినున్రి" అన్నాడు సెక్రటరీ. "ఆఫీసుల ఒకల పూజ జరుగుతుంటే ఇంకొకలు చేతులు కట్టుకొని నిలబడాలె. వద్దనలేరు, ఉండలేరు. అది నాకు నచ్చది. తప్పో ఒప్పో, నా మాట నేను మీటింగుల చెప్పిన. మీ మాట మీరు చెప్పలే. రానోళ్ల మాట మినిట్స్‌ల ఎట్ల రాస్తం?"

పెద్దాయన నా వైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను. అందులో కూడా ఒక అక్షరం తప్పు కనిపించింది కానీ ఈసారి నోరు మూసుకున్నాను.

ఆ దసరాకు మెషీన్లు ఆగలేదు. నా మనసులో ఒక దుర్బుద్ధి ఉండేది. పూజ మానేసిన పాపానికి పెద్ద ఆఫ్‌సెట్ మెషీన్ వారం తిరక్కుండా మూలపడుతుందని, అప్పుడు అందరికీ బుద్ధి వస్తుందని ఎదురుచూశాను. అది సిగ్గులేకుండా ఏడాదంతా చక్కగా తిరిగింది. మన వాదాలను దేవుడు గెలిపిస్తాడని కూర్చునేవాళ్లకు నా అనుభవం ఇది.

కానీ ఆరోజు ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో నా కోసం అడుగుతున్నారని కబురొచ్చింది. వెళ్లి చూస్తే, ఎప్పుడో రిటైరైన మా పాత కంపోజిటరు. సీసపు అక్షరాల కాలం మనిషి. నేను కొత్తగా చేరినప్పుడు తలకిందుల అక్షరాలు చదవడం నేర్పింది ఆయనే. రామంతాపూర్ నుంచి బస్సులో వచ్చాడు. చలువ చేసిన ధోవతి, చేతిసంచిలో కొబ్బరికాయ. ఆయనకు చెప్పాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నేను నీళ్లు నములుతూ సంగతి చెప్పాను. ఆయన చేతిసంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"అట్లనా. సరే తీ. ఒక్కసారి లోపలికి పోయి చూసొస్త" అన్నాడు.

లోపలికి వెళ్లి, నడుస్తున్న మెషీన్ పక్కన నిలబడి, దాని గార్డు రేకు మీద చెయ్యి ఆనించి, అదే చేతిని కళ్లకద్దుకున్నాడు. అంతే. నేను బస్‌స్టాపు దాకా ఆయనతో నడిచాను. బస్సు వచ్చే ముందు అడిగాడు.

"వాళ్లు వద్దన్నప్పుడు మీరేమన్నరు బిడ్డా?"

నిష్ఠూరంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మేము ఏదో అని ఉంటామని, పోరాడి ఓడి ఉంటామని ఆయన అనుకున్నాడు. నేను మాత్రం "మేమేమీ అనలేదు" అని చెప్పలేకపోయాను. బస్సు వచ్చింది, ఆయన ఎక్కాడు, నేను అక్కడే నిలబడ్డాను.

ఆ రాత్రి అన్నం తింటూ, సంఘం కార్యవర్గానికి పోటీ చేస్తానని మా ఆయనతో అన్నాను. ఆయన రైల్వే ఉద్యోగి, నాకంటే నెమ్మది. ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు.

"నువ్వా? ఏంటికి నీకు? ఆటోవాడు ఎక్కువడిగితే నన్ను మాట్లాడమంటావు."

"ఆటోవాడితో కూడా రేపట్నుంచి నేనే మాట్లాడతా."

"అయితే నిలబడు" అన్నాడు. ముద్ద మింగి, "నాన్నగారికి చెప్పొద్దులే" అన్నాడు.

నామినేషను వేయడానికి వెళితే సెక్రటరీ నా కాగితం చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. "మంచి పని చేసిన్రు మేడం. కొట్లాడనీకె మనిషి లేక నాకు బోర్ కొడుతున్నది" అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

నా ప్రచారం మొదటి వారంలోనే అభాసు పాలైంది. నా భావాలన్నీ గుదిగుచ్చి, రెండు పేజీల కరపత్రం రాశాను. ఒక్క తప్పు లేదు. ఫోర్‌మన్ దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, "మేడం, గిది పంచాంగం లెక్కున్నది. దీన్ని ఎవడు చదువుతడు?" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత నేనే కూర్చుని కొట్టేస్తూ పోతే నాలుగు వాక్యాలు మిగిలాయి. ఆ నాలుగూ బాగానే ఉన్నాయి.

అసలు కష్టం మనుషుల దగ్గర ఎదురైంది. నాలాంటివాళ్లు క్యాంపస్ నిండా ఉన్నారు. అకౌంట్స్‌లో నుదుట విభూతితో కూర్చునే సూపరింటెండెంటు, తోటల విభాగంలో మొక్కలకు మొక్కి గాని కత్తెర పట్టని మేస్త్రి, లైబ్రరీలో పాత పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ ఉండే ఆమె. అందరికీ నా మాట నచ్చింది. "బాగా చెప్పారమ్మా" అన్నారు. ఓటు వేయడానికి వస్తారా అంటే మాత్రం, "అదంతా మనకెందుకమ్మా, రొచ్చు" అన్నారు. నా ఇరవై ఆరేళ్లు నా ముందు వరుసగా కుర్చీల్లో కూర్చుని నాకే నీతులు చెబుతున్నట్టు ఉంది.

విభూతి సూపరింటెండెంటుతో నేను ఆగలేకపోయాను. "సార్, మీ ఇంట్లో మీ తాతగారి కాలం నుంచి వస్తున్న పద్ధతిని రేపు ఎవరో మారుస్తామంటే ఊరుకుంటారా?" అన్నాను.

"అది మా ఇల్లమ్మా."

"ఇది ఎవరిది మరి? రోజుకు ఎనిమిది గంటలు ఇక్కడే ఉంటున్నాం కదా."

ఆయన బెల్లు కొట్టి ప్యూన్ని పిలిచాడు. టీ తెప్పించాడు. టీ తెప్పించారంటే సగం ఓటని ఫోర్‌మన్ లెక్క.

బైండింగ్ పెద్దాయన మాత్రం నా కంటే బాగా ప్రచారం చేశాడు. ఎవరైనా, "నీకెందుకు చాచా ఈ పూజ గొడవ?" అంటే ఒకటే చెప్పేవాడు. "పూజ మీది. గా దినం మాత్రం మా అందరిది. పనిముట్టుకు ఇజ్జత్ ఇచ్చే దినం సాల్‌కు ఒకటన్న ఉండాలె గద. మా అబ్బాజాన్ గూడ కత్తిని కాలు తాకనిచ్చేటోడు కాదు." పాతదాన్ని పట్టుకుని ఉండటం ఒక్క మతం వాళ్ల సొత్తు కాదని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఇంకో పాఠం మా బిల్డింగు ఊడ్చే ఆమె చెప్పింది. అడిక్‌మెట్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. నా నాలుగు వాక్యాలూ ఓపిగ్గా విని, "నీ పూజ ముచ్చట మంచిగనే ఉన్నదక్కా. మాకు చీర మార్చుకోనీకె రూము లేదు. మెట్ల కింద ఒకలు అడ్డం నిలబడితే ఒకలు మార్చుకుంటున్నం. గది అడుగుతవా?" అంది.

ఆ మెట్లు నేను రోజూ ఎక్కి దిగేదాన్ని. పద్ధతి, మర్యాద, ఆడవాళ్ల గౌరవం అని ఉపన్యాసాలిచ్చే నాకు, ఆ మెట్ల కింద ఏం జరుగుతోందో తెలియదు. ఆ రాత్రి కరపత్రంలో ఐదో వాక్యం చేరింది.

పోలింగు రోజు మధ్యాహ్నం దాకా నా వాళ్లు ఎవరూ రాలేదు. వరుసలో అన్నీ సెక్రటరీ మనుషులే. భోజనాలయ్యాక నేను, ఫోర్‌మన్, చాచా మూడు దిక్కులకు బయల్దేరాం. నేను కొంగు దోపుకుని క్యాంపస్ రోడ్డు మీద అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. కునుకు తీస్తున్న వాళ్లను లేపాను. లైబ్రరీ ఆమెను అట్టతో సహా లాక్కొచ్చాను. తోట మేస్త్రి మట్టి చేతులతోనే వచ్చి, వేలికి సిరా పెట్టే చోటు కడుక్కుని ఓటు వేశాడు. పెట్టె మూసేస్తుండగా విభూతి సూపరింటెండెంటు రొప్పుతూ వచ్చాడు. వెనక ఆయన సెక్షన్ మొత్తం ఉంది.

నేను తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాను. సెక్రటరీ కూడా గెలిచాడు, నాకంటే చాలా బాగా. కార్యవర్గంలో ఆయన వైపు వాళ్లు ఒక బెంచీ నిండా ఉంటే, ఇటువైపు నేనొక్కదాన్ని. గెలిచిన సంతోషం ఇంటికి వెళ్లేదాకా ఉంది. నేను ఇప్పుడు నిజంగా మాట్లాడాలని ఆ తర్వాత అర్థమైంది.

బట్టలు మార్చుకునే గది గురించి మొదటి సమావేశంలోనే అడిగాను. ఆశ్చర్యంగా అందరికంటే ముందు చెయ్యెత్తింది సెక్రటరీ. అధికారుల చుట్టూ నాతో కలిసి తిరిగాడు. రెండు నెలల్లో మెట్ల పక్కన పాత స్టోరు రూము ఖాళీ చేయించి తాళం ఆ ఆడవాళ్లకు ఇచ్చారు. మేమిద్దరం ఒకే పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. ఇద్దరికీ కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

పూజ సంగతి మాత్రం జనరల్ బాడీలోనే తేలాలి. ఆరోజు హాలు నిండింది. మా పద్ధతి మాకు తిరిగి కావాలనే తీర్మానంతో నేను లేచి నిలబడ్డాను. రాసుకున్న కాగితం ఉంది, కానీ దాని వంక చూడలేదు. మా పాత కంపోజిటరు కొబ్బరికాయ సంచితో వచ్చి వెళ్లిన సంగతి చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్న చెప్పాను. "దానికి మా దగ్గర జవాబు లేదు. తప్పు తీర్మానం చేసినవాళ్లది కాదు, ఆరోజు ఇంట్లో కూర్చున్న మాది" అన్నాను.

సెక్రటరీ లేచి తన వాదన మళ్లీ చెప్పాడు. మెత్తబడలేదు. మెత్తబడితే నాకు ఆయన మీద గౌరవం పోయేది.

అప్పుడు మా ప్రెస్‌లోనే కంప్యూటర్ మీద డీటీపీ చేసే యువతి లేచింది. నాలుగేళ్లుగా నా పక్క బల్ల. చర్చికి వెళ్లే పిల్ల. "నన్ను ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలే మేడం" అంది నా వైపు చూస్తూ. "మెషీన్లు సాఫ్ చేసుడు, పాతోళ్లు వచ్చుడు, అందరం కలిసి తినుడు నాక్కూడ ఇష్టమే. బొట్టు పెట్టుకోమని పళ్లెం నా ముందుకు తెస్తరు చూడున్రి, అప్పుడు ఎటు పోవాల్నో అర్థం గాదు. నేను ఒక్కదాన్నే బయట నిలబడుత."

ఏటా ఆ పళ్లెం పట్టుకుని తిరిగేది నేనే.

ఆ తర్వాత అరగంట వాదనలు నడిచాయి. చివరికి తీర్మానం ఇలా మారింది. ఏడాదికి ఒకరోజు మెషీన్లు ఆపాలి, శుభ్రం చేయాలి, రిటైరైన వాళ్లను సంఘమే పిలవాలి, అందరూ కలిసి భోంచేయాలి. పూజ భోజన విరామంలో చేసుకునేవాళ్లు చేసుకోవచ్చు. పళ్లెం ఎవరి ముందుకూ పోకూడదు, కావలసినవాళ్లే దాని దగ్గరికి రావాలి. సవరణకు ఒప్పుకుంటారా అని నన్ను అడిగారు. ఒప్పుకున్నాను. చేతులెత్తితే భారీగా నెగ్గింది.

బయటికి రాగానే నా వాళ్లలోనే ఇద్దరు నన్ను నిలదీశారు. "సగం అమ్ముకుని వచ్చారు" అన్నారు. ఆ మాట రెండు రోజులు గుచ్చుకుంది. తర్వాత ఆలోచిస్తే, మా దగ్గర మొత్తం ఎప్పుడుంది? మీటింగుకు వెళ్లనన్నాళ్లూ సున్నా ఉంది. పైగా ఆ పిల్ల చెప్పింది వినకుండా నెగ్గి ఉంటే, నేను కాపాడింది పద్ధతిని కాదు, నా పళ్లేన్ని. ఆ దసరాకు రామంతాపూర్ కంపోజిటరు గారిని నేనే ఆటోలో తీసుకొచ్చాను. ఆటోవాడితో బేరం నేనే ఆడాను. డీటీపీ అమ్మాయి ఆయన పక్కన కూర్చుని సీసపు అక్షరాల కథలు వింటూ నా పులిహోర రెండుసార్లు వడ్డించుకుంది.

అందుకే ఈ పిల్లలతో అంటాను. ఉన్నదాంట్లో మంచిదాన్ని నిలుపుకోవాలనుకునే మనుషులకే రాజకీయం ఎక్కువ అవసరం. కొత్తది కావాలనేవాళ్లు ఎలాగూ వస్తారు, అడుగుతారు, రావాలి కూడా. మనం రాకపోతే అక్కడ సగం సంభాషణే జరుగుతుంది. మంచిది కదా, దానంతటదే నిలుస్తుందిలే అనుకోవడం భక్తి కాదు, బద్ధకం. వెళితే ఇంకో లాభం కూడా ఉంది. మనం పట్టుకున్న దాంట్లో ఏది మంచిదో, ఏది ఉత్త అలవాటో ఎదుటివాళ్లు చెబితే గాని మనకు తెలియదు.

ఆ కార్యవర్గంలో రెండుసార్లు ఉన్నాను. ఒకసారి ఓడిపోయాను కూడా. నా పదవీ విరమణ సభలో సెక్రటరీ మాట్లాడుతూ, "మేడం రాకముందు నేను తీర్మానం సగం చదివి పాస్ అనేటోణ్ణి. ఆమె వచ్చినంక మొత్తం చదవాల్సొచ్చింది. కామాల కాడ కూడ ఆపేది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

రిటైరైన పదో రోజున ఫోన్ చేశాడు. ఆయనా తార్నాకలోనే ఉంటాడు, మాకు నాలుగు వీధుల అవతల.

"ఆదివారం పొద్దుగాల మన వార్డు మీటింగు ఉన్నది మేడం. రిటైర్ అయిన్రని ఇంట్ల కూసున్నరా ఏంది?"

"ఏం జరగబోతోంది అక్కడ?"

"నేనొకటి అడగబోతున్న. మీకు అస్సలు నచ్చది."

"ఏమిటది?"

"వచ్చినంక వినున్రి" అని పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్న కాఫీ కూడా పూర్తి చేయకుండా బయల్దేరాను. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, "ఎర్ర పెన్ను తీసుకున్నావా?" అని అడిగాడు.

"వద్దులే, నోరుంది" అన్నాను. మెట్లు దిగుతూ పక్కింటి తలుపు కొట్టాను. రాజకీయాలు పడవనే ఆ పిల్లలు ఇంకా నిద్ర లేవలేదు. రెండోసారి గట్టిగా కొట్టాను.